రక్తం అందని మెదడుకు మందు

మెదడుకు రక్తం తగ్గినప్పుడు నాడీకణాలు చావకుండా, కనీసం చావు ఆలస్యమయ్యేలా చూసే మందులను నాడీరక్షక ఔషధాలు అంటారు. వైద్యుల వాడుకలో ఇవి న్యూరోప్రొటెక్టివ్ మందులు. రక్తనాళంలో ఇరుక్కున్న గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఈ కోవలోకి రాదు. అది దారి తెరిచే మందు. దారి తెరుచుకునేదాకా కణాన్ని నిలబెట్టడం నాడీరక్షక మందు పని. కాలువలో పూడిక తీసేవాడు ఒకడైతే, నీళ్లు వచ్చేలోగా నారు ఎండకుండా చూసేవాడు ఇంకొకడు. మొదటివాడు గత ముప్పయ్యేళ్లలో బాగానే గెలిచాడు. రెండోవాడి చేతికి వెయ్యికి పైగా పదార్థాలు అందినా నికరంగా దక్కిన విజయాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ వ్యాసంలో ఓటముల సంగతే ఎక్కువ. పక్షవాతం మందుల గురించి ఇప్పుడు మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఓటముల వల్లే తెలిసింది.

నీడ అంచున ఉన్న కణాలు

పెద్దవాళ్ల మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు, అంటే ఒంటి బరువులో యాభయ్యో వంతు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం, ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే పోతాయి. ఇంత తినే అవయవం ఏమైనా దాచుకుంటుందా అంటే అదీ లేదు. ఏ రోజు కూలితో ఆ రోజు గింజలు కొనుక్కునే ఇల్లులాంటిది మెదడు. ఏ నిమిషపు ఖర్చు ఆ నిమిషం రక్తం తేవాల్సిందే. గుండె ఆగిన పది సెకన్లకు స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు గడిస్తే శాశ్వత నష్టం మొదలవుతుంది.

ఆరోగ్యంగా ఉన్న 100 గ్రాముల మెదడుకు నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 ప్రాంతానికి పడిపోతే నాడీకణాల విద్యుత్ సంకేతాలు ఆగిపోతాయి. చెయ్యి లేవదు, మూతి వంకర పోతుంది, మాట ముద్దగా వస్తుంది. అయితే ఆ కణాలు ఇంకా బతికే ఉంటాయి. 10 కంటే తగ్గిన చోట మాత్రం కణపొర మీది పంపులు నిలిచిపోయి కణం చనిపోతుంది. ఈ రెండు అంకెల మధ్య చిక్కుకున్న భాగం పని మానేసినా ప్రాణం విడవలేదన్నమాట. లండన్‌లో లిండ్సే సైమన్, ఆస్ట్రప్ బృందం బబూన్ కోతుల మెదళ్లలో రక్తప్రసరణ కొలిచి 1977లో ఈ భాగానికి పెనంబ్రా అని పేరు పెట్టింది. అది గ్రహణాల లెక్కలోంచి తెచ్చుకున్న మాట. నడిమి కటిక నీడ చుట్టూ పరుచుకునే పలచని నీడ పేరది. తెలుగులో ఉపచ్ఛాయ అనొచ్చు.

నాడీరక్షక మందుల ఆశ మొత్తం ఈ పలచని నీడ మీదే ఉంది. నడిమధ్యలో చచ్చినదాన్ని ఏ మందూ లేపలేదు. చుట్టూ ఉన్నది కూడా ఎక్కువసేపు ఆగదు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతంలో సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని లాస్ ఏంజిలిస్ వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టాడు. అది సగటు మాత్రమే. పక్క నాళాల నుంచి కాస్త రక్తం అందుతున్న మనిషిలో ఉపచ్ఛాయ గంటల కొద్దీ నిలవొచ్చు, అదీ అందని మనిషిలో ముప్పావుగంటకే కరిగిపోవచ్చు.

కణం ఎలా చస్తుంది

రక్తం ఆగగానే కణంలో ఇంధనం అయిపోతుంది. కణపొర మీది పంపులు ఆగడంతో సోడియం లోపలికి, పొటాషియం బయటికి పారుతాయి. నీళ్లు చేరి కణం ఉబ్బుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. ఆ తర్వాత జరిగేదాన్ని మాత్రం వైద్యలోకం చాలాకాలం ఊహించలేదు. మెదడులో ఒక కణం ఇంకో కణంతో మాట్లాడటానికి వాడే గ్లూటమేట్ అనే రసాయనం అదుపు తప్పి బయటికి పొంగుతుంది. మామూలు రోజుల్లో అది చిటికెడు విడుదలై వెంటనే వెనక్కి పోవాలి. ఇప్పుడు వెనక్కి తీసుకునే పంపులకూ శక్తి లేదు. పొరుగు కణాల మీద ఎన్‌ఎండీఏ అనే ద్వారాలు బార్లా తెరుచుకుంటాయి. వాటిగుండా కాల్షియం వరదలా చొరబడి, కణం లోపలి ఎంజైములను నిద్రలేపి, వాటి చేతే కణం గోడలను కోయిస్తుంది. మైటోకాండ్రియాలు పగులుతాయి, కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే అణువులు పుడతాయి. ఆకలితో చస్తున్న కణం తన పక్కవాడిని కూడా చంపుతుందన్నమాట.

ఈ సంగతికి మొదటి ఆధారం పక్షవాతం పరిశోధనలో దొరకలేదు. అమెరికా శాస్త్రవేత్త జాన్ ఆల్నీ 1969లో పసి ఎలుకలకు మోనోసోడియం గ్లూటమేట్ ఇంజెక్షన్ ఇచ్చి, వాటి మెదడులో కణాలు చనిపోవడం చూశాడు. అదే పదార్థాన్ని మన నూడుల్స్ బండ్ల దగ్గర టేస్టింగ్ సాల్ట్ అంటారు. (ఆయన సూదితో ఎక్కించిన మోతాదుకూ మన ప్లేటులో పడే చిటికెడుకూ పోలిక లేదు. బండి మీద తిన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు.) అతి ఉద్దీపన వల్ల కణం చచ్చే ఈ పద్ధతికి ఎక్సైటోటాక్సిసిటీ అని పేరు పెట్టింది ఆల్నీయే. 1980లలో డెనిస్ చోయ్ గాజు పళ్లేలలో పెంచిన నాడీకణాల మీద పనిచేసి, అసలు హంతకుడు కాల్షియం అని చూపించాడు.

కథ అక్కడితో అయిపోదు. గంటలు, రోజులు గడిచే కొద్దీ తెల్లరక్తకణాలు చేరి వాపు తెస్తాయి. కొన్ని కణాలు వెంటనే పోకుండా తాపీగా తమను తామే కూల్చుకుంటాయి. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న మనిషిలో జ్ఞాపకశక్తికి కేంద్రమైన హిపోక్యాంపస్ కణాలు కొన్ని రెండు మూడు రోజుల తర్వాత గానీ చావవు. అంత వ్యవధి ఉందని తెలిసేసరికి మందుల కంపెనీలకు ఆశ పుట్టింది. గొలుసు పొడుగ్గా ఉంది, ఎక్కడో ఒక కొక్కెం తెంచితే చాలనుకున్నారు.

ఎలుకలు బతికాయి

1980ల చివరి నుంచి ప్రయోగశాలల్లో వరసగా విజయాలే. ఎన్‌ఎండీఏ ద్వారాన్ని మూసే ఎంకే-801 అనే పదార్థం ఎలుకల మెదడులో దెబ్బతిన్న ప్రాంతాన్ని బాగా తగ్గించింది. అదే తరహావి సెల్ఫోటెల్, ఆప్టిగనెల్ మనుషుల దాకా వచ్చాయి. ఇక్కడే మొదటి చిక్కు ఎదురైంది. ఎన్‌ఎండీఏ ద్వారాన్ని మూసే మందులంటే కెటమిన్ అనే మత్తుమందుకు బంధువులు. రోగులకు లేనివి కనిపించడం, గందరగోళం, ఆందోళన మొదలయ్యాయి. ఎలుకను కాపాడిన మోతాదును మనిషి తట్టుకోలేకపోయాడు. సెల్ఫోటెల్ తీసుకున్నవాళ్లలో తొలి రోజుల్లో మరణాలు ఎక్కువగా కనిపించడంతో ట్రయల్స్ మధ్యలోనే ఆపేశారు. ఆప్టిగనెల్ కూడా అదే బాట పట్టింది. అదే ద్వారంలో ఇంకో తాళం పట్టుకునే గావెస్టినెల్ మనుషులకు ఇబ్బంది కలిగించలేదు, ఉపయోగమూ చూపలేదు. 2000, 2001లలో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ ఆ సంగతి తేల్చేశాయి.

మిగతా కొక్కేలు తెంచబోయినవాళ్ల గతీ అంతే. ఫ్రీ రాడికల్స్‌ను పట్టే టిరిలజాడ్ పక్షవాత రోగులకు మేలు చేయకపోగా మరణం, వైకల్యం కలిపి చూస్తే కాస్త పెంచిందని 2000లో తేలింది. తెల్లరక్తకణాలు మెదడులోకి దిగకుండా అడ్డుకునే ఎన్‌లిమోమాబ్ చిట్టెలుక నుంచి తీసిన యాంటీబాడీ. దాన్ని 625 మందిలో పరీక్షిస్తే జ్వరాలు, అంటురోగాలు, మరణాలు పెరిగాయి. వాపు తగ్గించబోయిన మందే ఒంట్లో కొత్త రాద్ధాంతం లేపింది.

అందరినీ ఎక్కువగా ఊరించి ముంచింది ఎన్‌ఎక్స్‌వై-059. ఇది కూడా ఫ్రీ రాడికల్స్‌ను పట్టేదే. అప్పటికి జంతు పరీక్షల్లో దీనంత పకడ్బందీగా నెగ్గిన మందు లేదని పేరు. 2006లో సెయింట్-1 ట్రయల్‌లో 1,722 మంది రోగుల ఫలితాలు వెలువడ్డాయి. వైకల్యం కొద్దిగా తగ్గినట్టు కనిపించింది. చివరికి ఒకటి దొరికిందనుకున్నారు. మరుసటి ఏడు 3,000కు పైగా రోగులతో సెయింట్-2 వచ్చింది. మందుకూ డమ్మీ మందుకూ తేడా లేదు. మొదటి ట్రయల్‌లో కనిపించిన మేలు అదాటున పడిన పాచిక మాత్రమే. ఆ దెబ్బతో చాలా కంపెనీలు ఈ రంగం వదిలి వెళ్లిపోయాయి.

ఆలస్యమే అసలు శత్రువైతే అంబులెన్సులోనే మందు మొదలుపెడితే సరి కదా అని లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ఒక సాహసం చేశారు. మన 108 సిబ్బందిలాంటి వాళ్లే ఇంటి గుమ్మం దగ్గర, దారిలో మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. ఫాస్ట్-మ్యాగ్ అనే ఈ ట్రయల్‌లో 1,700 మంది రోగులున్నారు. లక్షణాలు మొదలైన 45 నిమిషాలకల్లా సగం మందికి మందు అందింది. ప్రపంచంలో ఏ నాడీరక్షక ట్రయల్ అప్పటిదాకా అంత వేగం చూపలేదు. 2015లో ఫలితం వచ్చింది. మూడు నెలల తర్వాత వైకల్యంలో తేడా ఏమీ లేదు.

అయినా ఆ ట్రయల్ వృథా పోలేదనే చెప్పాలి. వైద్యం అంబులెన్సులోనే మొదలుపెట్టవచ్చని అది రుజువు చేసింది. రాబోయే మందులకు రోడ్డు వేసి పెట్టింది.

ఎక్కడ తప్పింది

మెల్‌బోర్న్ పరిశోధకురాలు విక్టోరియా ఓకాలిన్స్ బృందం 2006లో ఓపిగ్గా లెక్కలు తీసింది. అప్పటిదాకా పక్షవాతానికి ప్రయోగశాలల్లో పరీక్షించిన పద్ధతులు, పదార్థాలు 1,026. వాటిలో మనుషుల దాకా వచ్చినవి 114. అలా మనుషుల దాకా వచ్చినవి, ప్రయోగశాలలోనే ఉండిపోయినవాటి కంటే జంతువుల్లో మెరుగ్గా ఏమీ పనిచేయలేదని కూడా ఆ బృందం చూపింది. అంటే వడపోత జల్లెడే సరిగా లేదు.

ప్రయోగశాల ఎలుక ఎవరు? పడుచుది, మగది, బీపీ లేదు, షుగర్ లేదు, పొగ తాగదు. దాని రక్తనాళాన్ని దారంతో ఎప్పుడు మూస్తారో ముందే తెలుసు కాబట్టి పావుగంటలోనో, ఒక్కోసారి ముందుగానో మందు ఇచ్చేస్తారు. గంటన్నర కాగానే దారం తీసి రక్తం మళ్లీ పారనిస్తారు. మందు అందిందో లేదో తెలిసినవాడే దెబ్బతిన్న ప్రాంతాన్ని కొలుస్తాడు, పైగా బాగా వచ్చిన ఫలితాలే పత్రికలకు ఎక్కుతాయి. ఇటు మన రోగి డెబ్భై ఏళ్ల ఆవిడ. ఇరవై ఏళ్లుగా బీపీ, పదేళ్లుగా షుగర్. రాత్రి ఎప్పుడో వచ్చిన పక్షవాతాన్ని తెల్లారాక మనవడు గమనించాడు. ఊళ్లో డాక్టరుకు చూపించి, ఒక రోజు పసరు మందు కూడా చూసి, మూడో చోటుగా పెద్దాసుపత్రికి తెచ్చారు. ఈ ఇద్దరికీ ఒకే మందు ఒకేలా పనిచేయాలని ఎలా అనుకున్నారో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యమే.

ఈ లోపాలన్నిటి కంటే మొండిది ఇంకొకటుంది. ఏ మందైనా ఒంట్లో తిరిగేది రక్తంలోనే. రక్తం ఆగిన చోటికి మందు ఏ దారిన పోవాలి? ఉపచ్ఛాయలోకి కారే సన్నటి ప్రవాహం మోసుకుపోయినంత మందే అక్కడికి చేరుతుంది. మెదడు రక్తనాళాల గోడల్లో ఉండే రక్తం-మెదడు కంచె దాన్ని ఇంకా వడకడుతుంది. ఫాస్ట్-మ్యాగ్ తొందరపడి ఇచ్చిన మెగ్నీషియం కూడా మెదడు ద్రవంలోకి నిదానంగానే చేరుతుంది. ఎలుకలో గంటన్నరకు దారం తీసేవాళ్లు కాబట్టి మందు రక్తంతోపాటే వెళ్లింది. మనుషుల్లో 2015 దాకా ఆ దారం తీసే సాధనం సరిగా లేదు.

1999లో పరిశోధకులు, కంపెనీల ప్రతినిధులు కలిసి స్టెయిర్ అనే పేరుతో నియమాలు రాసుకున్నారు. ముసలి జంతువులలో, బీపీ ఉన్నవాటిలో, ఆడామగా రెండింటిలో, ఒకటి కంటే ఎక్కువ ప్రయోగశాలల్లో పరీక్షించాలన్నారు. ఎన్‌ఎక్స్‌వై-059 ఆ నియమాలు చాలావరకు పాటించిందనే పేరుతోనే వచ్చి ఓడింది, అది వేరే మాట. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ నిధులతో స్పాన్ అనే ప్రయోగశాలల కూటమి మనుషుల ట్రయల్ కట్టుదిట్టాలన్నీ ఎలుకలకే పెట్టింది. చీటీ వేసి పంచడం, కొలిచేవాడికి మందు సంగతి తెలియనివ్వకపోవడం, ముసలి, లావు, బీపీ ఎలుకలను కలపడం. ఆరు పద్ధతులు బరిలోకి దిగితే 2023లో చివరిదాకా నిలిచింది ఒక్క యూరిక్ ఆసిడ్. గౌటు రోగులకు శత్రువైన ఆ పదార్థమే ఇక్కడ ఫ్రీ రాడికల్స్‌ను పట్టే మిత్రుడు.

ఇంకో సంగతి 2020లో బోస్టన్ నుంచి, ఎంగ్ లో బృందం నుంచి వచ్చింది. ఎలుక నిశాచరి. పరిశోధకులు పగలు ప్రయోగాలు చేస్తారు, అంటే ఎలుక పడుకునే వేళ. మనుషుల ట్రయల్స్‌లో చేరే రోగులకు ఎక్కువగా పక్షవాతం వచ్చేది మెలకువగా ఉండే వేళల్లో. ఈ బృందం పాత నాడీరక్షక పద్ధతులు మూడింటిని, వాటిలో ఎంకే-801 ఒకటి, పగలూ రాత్రీ పరీక్షించింది. నిద్రవేళ ఇస్తే ఎలుకలకు మేలు జరిగింది. అవి చురుగ్గా తిరిగే రాత్రివేళ ఇస్తే జరగలేదు. ముప్పయ్యేళ్ల పరిశోధనలో దాదాపు ఎవరూ గడియారం వంక చూడలేదు.

గెలిచిన చోట్లు

నిమోడిపిన్ కాల్షియం ద్వారాలను మూసే మందు. మామూలు పక్షవాతంలో ఇది పనిచేయలేదు. కానీ మెదడు పొరల మధ్య ఉబ్బిన రక్తనాళం పగిలి రక్తస్రావమయ్యే సబ్‌అరక్నాయిడ్ హెమరేజ్‌లో దీని కథ వేరు. ఆ రోగంలో మొదటి దెబ్బ నుంచి బయటపడినవాళ్లకు కూడా నాలుగో రోజు నుంచి రెండు వారాల మధ్య రక్తనాళాలు బిగుసుకుపోయి మెదడుకు రక్తం తగ్గుతుంది. ఎవరికి ప్రమాదముందో, ఎప్పుడు రావచ్చో ముందే తెలుసు. దెబ్బ తగలకముందే మందు రక్తంలో ఉంచే అవకాశం దొరుకుతుంది. పక్షవాతంలో దొరకనిది అదే.

1989లో వెలువడిన బ్రిటిష్ ట్రయల్‌లో 554 మంది రోగులు చేరారు. నిమోడిపిన్ వాడినవాళ్లలో మెదడు భాగం చనిపోవడం 33 శాతం నుంచి 22 శాతానికి తగ్గింది. విచిత్రం ఏమిటంటే ఈ మందును తెచ్చింది బిగిసిన నాళాలను సడలిస్తుందని. యాంజియోగ్రాములు తీసి చూస్తే పెద్ద నాళాల బిగువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రోగులు మాత్రం బాగుపడ్డారు. కణం లోపలికి చేరే కాల్షియాన్ని ఆపడం వల్లనో, కంటికి కనబడని చిన్న నాళాలను తెరవడం వల్లనో అని అనుకుంటున్నారు. కారణం పూర్తిగా తేలకుండానే ఈ మందు ప్రపంచమంతటా ప్రామాణిక చికిత్స అయింది. మోతాదు 60 మిల్లీగ్రాములు, నాలుగు గంటలకొకసారి, 21 రోజులు. అర్ధరాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి కూడా లేపి మాత్ర వేయాల్సిందే. ఐసీయూ నుంచి వార్డుకు వచ్చాక ఆ రాత్రి మాత్రలు ఇంట్లో వాళ్ల పాలిట పరీక్ష. బీపీ పడిపోతుంటే మోతాదు సగం చేసి రెండు గంటలకొకసారి ఇస్తారు. ఇంకో ప్రమాదం ఉంది. మింగలేని రోగికి ముక్కు గొట్టంలో వేయడానికి క్యాప్సూల్‌లోని ద్రవాన్ని సిరంజిలోకి లాగి, పొరపాటున నరంలోకి ఎక్కించిన సంఘటనల్లో మరణాలు జరిగాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆ మందు పెట్టె మీద ప్రత్యేక హెచ్చరిక అచ్చు వేయించింది.

రెండో విజయం మెగ్నీషియం సల్ఫేట్‌దే. పక్షవాతంలో ఓడిన మందే కాన్పు గదిలో గెలిచింది. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి ఫిట్స్ ఆపడానికి మన ప్రభుత్వాసుపత్రుల్లో ఇది ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. అమెరికా నరాల వైద్యురాలు కారిన్ నెల్సన్, సహచరి జుడిత్ గ్రెథర్ 1995లో ఒక సంగతి గమనించారు. బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో, తల్లికి మెగ్నీషియం పడినవాళ్లకు సెరిబ్రల్ పాల్సీ తక్కువగా ఉంది. ఆ గమనింపును ట్రయల్స్ నిజమని తేల్చాయి. 2008 నాటి అమెరికా ట్రయల్‌లో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ 3.5 శాతం నుంచి 1.9 శాతానికి దిగింది. 32 వారాలలోపు కాన్పు తప్పదనుకున్నప్పుడు తల్లికి ఈ ఇంజెక్షన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చవకైన మందు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. ఇక్కడా అదే సూత్రం: దెబ్బ తగలకముందే మందు బిడ్డ మెదడుకు చేరి ఉంది.

చల్లదనం మందు కాదు గానీ దాన్ని వదిలి ఈ కథ చెప్పలేం. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే మెదడు ఆక్సిజన్ ఖర్చు ఆరేడు శాతం తగ్గుతుంది. పుట్టేటప్పుడు ఊపిరాడక దెబ్బతిన్న బిడ్డను 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచితే మరణం, వైకల్యం తగ్గుతాయని 2005 నుంచి 2009 వరకు ధనిక దేశాల ట్రయల్స్ చూపించాయి. మన దేశంలోనూ చల్లబరిచే పరుపులు వచ్చాయి. అప్పుడు హెలిక్స్ అనే ట్రయల్ భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆసుపత్రుల్లో 408 మంది శిశువులతో జరిగింది. 2021లో వచ్చిన ఫలితం అందరినీ నిశ్చేష్టులను చేసింది. చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం, మామూలుగా చూసిన పిల్లల్లో 31 శాతం చనిపోయారు. ఇక్కడి పిల్లల మెదడుకు దెబ్బ కాన్పుకు ముందే మొదలై ఉండొచ్చని, చల్లబరిచేసరికి సమయం మించి ఉంటుందని ఒక వివరణ. ఇంకొక దేశంలో గెలిచిన వైద్యాన్ని అలాగే దించుకోవడంలోని ప్రమాదం ఈ అంకెల్లో కనిపిస్తుంది. పెద్దవాళ్లలో గుండె ఆగిన తర్వాత చల్లబరచడం కూడా 2002లో మెరిసి 2021 నాటికి వెనకడుగు వేసింది. 33 డిగ్రీలకు దించడం కంటే జ్వరం రాకుండా చూసుకోవడమే చాలని పెద్ద ట్రయల్ తేల్చింది.

మత్తు డాక్టర్ల బల్ల

రక్తం ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిసే చోటు ఆపరేషన్ గది. మెడ ధమనిలో కొవ్వు తీసేటప్పుడు, మెదడు నాళానికి క్లిప్పు వేసేటప్పుడు సర్జన్ కొన్ని నిమిషాలు రక్తాన్ని ఆపుతాడు. అప్పుడు మత్తు డాక్టర్లు థయోపెంటోన్, ప్రొపొఫాల్ లాంటివి పెంచి, మెదడు విద్యుత్ సంకేతాలను చూపే ఈఈజీ గీతను దాదాపు చదునుగా చేస్తారు. కణం పని మానేస్తే ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. మిగతాది కణం ఇంటి ఖర్చు, దాన్ని ఈ మందులు తగ్గించలేవు. చల్లదనం మాత్రం రెండింటినీ తగ్గిస్తుంది. అందుకే బృహద్ధమని ఆపరేషన్లలో ఒంటిని 18 డిగ్రీల దాకా దించి రక్తప్రసరణనే ఆపి పనిచేస్తారు. థయోపెంటోన్ వాడకానికి ట్రయల్స్ మద్దతు పలచన. గుండె ఆగిన రోగుల్లో 1986 నాటి ట్రయల్ మేలు చూపలేదు. మెదడు నాళాల ఆపరేషన్లో స్వల్పంగా చల్లబరచడం కూడా 2005లో వెయ్యిమంది రోగుల ట్రయల్‌లో తేడా చూపలేదు. అలవాటు మాత్రం చాలా థియేటర్లలో కొనసాగుతోంది.

దారి తెరిచాక

1995లో అమెరికాలో 624 మంది రోగుల ట్రయల్ ఆల్టెప్లేజ్ గడ్డను కరిగించి వైకల్యం తగ్గిస్తుందని చూపింది. మొదట 3 గంటలలోపు, 2008 నుంచి 4.5 గంటలలోపు. దీనికి చెల్లించే మూల్యం మెదడులో రక్తస్రావం. ఆ ట్రయల్‌లో మందు పడినవాళ్లలో 6.4 శాతం మందికి అది జరిగింది. 2015లో అయిదు ట్రయల్స్ వరసగా, తొడ దగ్గరి ధమని గుండా తీగ పంపి గడ్డను బయటికి లాగేయవచ్చని తేల్చాయి. ఎంపిక చేసిన రోగుల్లో 24 గంటల దాకా అవకాశముందని 2018లో తెలిసింది. మనిషిలో ఎలుక దారం తీయడం సాధ్యమైంది. పాత నాడీరక్షక మందుల వాదం మళ్లీ లేచి నిలబడింది.

నెరినెటైడ్ కథ ఆ వాదానికి పరీక్ష. టొరంటో సర్జన్ మైకేల్ టిమియాన్‌స్కీ ఎన్‌ఎండీఏ ద్వారాన్ని మూయకుండా, దాని వెనక విష సంకేతాన్ని మోసే తీగను మాత్రం కత్తిరించే చిన్న పెప్టైడ్‌ను తయారుచేశాడు. భ్రమలు రావు, మామూలు సంకేతాలు ఆగవు. కోతుల్లో బాగా పనిచేసింది. 2020లో 1,105 మంది రోగుల ట్రయల్ వచ్చింది. గడ్డ లాగేసే చికిత్సతోపాటు ఇచ్చారు. కోలుకున్నవాళ్లు మందు పడినవాళ్లలో 61.4 శాతం, డమ్మీ పడినవాళ్లలో 59.2 శాతం. లెక్కలోకి రాని తేడా. అయితే ఆల్టెప్లేజ్ ఇవ్వని రోగులను విడిగా చూస్తే మేలు కనిపించింది. కారణం దొరికింది: గడ్డను కోసే ఎంజైమే ఈ పెప్టైడ్‌ను కూడా కోసేస్తోంది. దారి తెరిచేవాడు నారు కాపాడేవాడి గొడుగు విరిచేశాడు. దాంతో ఆల్టెప్లేజ్ పడనివాళ్లతోనే ఇంకో ట్రయల్ చేశారు. అందులోనూ తేడా రాలేదు.

షుగర్ మాత్రగా మన ఇళ్లలో ఎరిగిన గ్లైబెన్‌క్లమైడ్‌ను సెలైన్‌లా ఎక్కిస్తే పెద్ద పక్షవాతంలో మెదడు వాపు తగ్గుతుందనే ఆశ కూడా 2024 ట్రయల్‌లో నిలవలేదు.

మన చీటీల మీద

తెలుగు రాష్ట్రాల్లో పక్షవాతం రోగి డిశ్చార్జి చీటీ చూస్తే ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ మాత్రలతోపాటు సిటికోలిన్ పేరు తరచూ కనిపిస్తుంది. దానికి పిరాసెటమ్ కలిపిన మాత్రలూ ఉన్నాయి. కణపొరలను బాగుచేస్తుందనే సిద్ధాంతంతో వచ్చిన సిటికోలిన్‌ను స్పెయిన్, పోర్చుగల్, జర్మనీలలో 2,298 మందిలో పరీక్షించారు. ఉపయోగం లేదని 2012లో తేలింది. పిరాసెటమ్ సంగతి 1997లోనే తేలిపోయింది. పంది మెదడు నుంచి తీసే సెరిబ్రోలైసిన్‌కు కూడా అంత పేరే ఉంది. కాక్రేన్ సమీక్షలో మేలు కనబడలేదు, ప్రాణాపాయం కాని తీవ్ర దుష్ఫలితాలు కొంత పెరిగినట్టు మాత్రం కనిపించింది. సిటికోలిన్ పెద్దగా హాని చేయదన్నది నిజమే. కానీ నెలనెలా మాత్రలు కొనుక్కునే ఇంట్లో డబ్బు చాలనప్పుడు ఏది ఆపకూడదో చెప్పాలి కదా. మళ్లీ పక్షవాతం రాకుండా కాపాడేది బీపీ మాత్ర. ‘నరాల బలం’ మాత్ర అంతకంటే ఖరీదైనది కాబట్టి అంతకంటే గొప్పదనే అపోహకు చీటీ రాసేవాళ్లే తావివ్వకూడదు. మూలకణాల పేరుతో ఆశ పెట్టేవాళ్లకు జవాబు కూడా మన దేశంలోనే ఉంది. సొంత ఎముక మజ్జ కణాలను నరంలోకి ఎక్కించే పద్ధతిని అయిదు కేంద్రాల్లో 120 మంది రోగుల్లో పరీక్షిస్తే మేలు లేదని 2014లో తేలింది.

ఆసియా మందులను మాత్రం ఒకే గాట కట్టలేం. ఎడారవోన్‌కు జపాన్ 2001లోనే అనుమతి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి. చైనాలో దానికి డెక్స్‌బోర్నియోల్ కలిపి 1,165 మందిలో పరీక్షిస్తే, ఒంటరి ఎడారవోన్‌తో 59 శాతం ఉన్న మంచి ఫలితం కలిపినదానితో 67 శాతానికి చేరింది. సెలెరీ గింజల్లో దొరికే బ్యూటైల్‌థాలైడ్ 2023 ట్రయల్‌లో 44 శాతం నుంచి 56.7 శాతానికి తీసుకెళ్లింది. ఈ అంకెలు చిన్నవి కావు. ఇవి చైనా వెలుపల, వేరే రోగుల్లో మళ్లీ రావాలి.

భారత్‌లో 2023లో అనుమతి పొందిన సోవటెల్‌టైడ్ తీరు వేరు. అనిల్ గులాటీ పరిశోధనలోంచి వచ్చిన ఈ మందు ఎండోథెలిన్-బి గ్రాహకాలను మేల్కొలిపి, కణాలను కాపాడటంతోపాటు కొత్తవి పుట్టేలా ప్రోత్సహిస్తుందని చెబుతారు. పక్షవాతం వచ్చిన 24 గంటలలోపు మొదలుపెట్టి మొదటి, మూడవ, ఆరవ రోజుల్లో నరంలోకి ఇస్తారు. అనుమతికి ఆధారమైన మూడో దశ ట్రయల్‌లో రోగులు 158 మంది. ఫలితం ఆశాజనకంగానే వచ్చింది. సెయింట్-1లో అంతకు పది రెట్లకు పైగా రోగులున్నారు. దాని తర్వాత సెయింట్-2 ఏం చెప్పిందో గుర్తున్న నరాల వైద్యులు ఈ మందుకు ఇంకో పెద్ద ట్రయల్ లెక్క కోసం చూస్తున్నారు.